ఉత్తరాల చదరంగం – 4వ పాఠం: ఆ 5ని సరిగ్గా రాయండి

పోయిన పాఠంలో, తెల్లవారి 5254కి నల్లరాజు ముందున్న బంటును రెండు గళ్లు నడిపి జవాబు రాయమన్నాను. వచ్చిన జవాబులు చూశాను. నల్లపావుల వాళ్లు చాలామంది 4244 రాశారు. అది తెల్లవారి మంత్రి ముందున్న బంటు! బోర్డు తమవైపు తిప్పుకుని లెక్కపెట్టారన్నమాట. ఏ రంగుతో ఆడినా లెక్క తెల్లవారి ఎడమచేతి మూల నుంచే; ఆ గడి 11. ముందు నిలువు వరుస, తర్వాత అడ్డ వరుస. ఎత్తులో మొదటి రెండంకెలు పావు బయల్దేరే గడి, చివరి రెండూ చేరే గడి. రావలసిన జవాబు 5755. నేనైతే నల్లపావులతో ఆడినా బోర్డు తిప్పను.

పావును కొట్టినా వేరే గుర్తు లేదు. క్యాస్లింగ్‌కి (రాజు రెండు గళ్లు జరిగి, ఏనుగు అతన్ని దాటి పక్కకు వచ్చే ఎత్తు) రాజు కదలిక రాస్తే చాలు.

ఇక ఓపెనింగ్: 5254 5755, 7163 2836, 6134 7866, 6375. తెల్ల గుర్రం, బిషప్ రెండూ 67లోని నల్ల బంటు మీదే గురిపెట్టాయి. జవాబు 4745, బంటు బిషప్‌కి అడ్డం పడుతుంది.

సర్వర్ మీద ఆడేవాళ్లకి ఈ గొడవ లేదు గానీ, మనం ఆడేది కార్డు మీద. తొందరలో ఆ చివరి 5 పొట్ట మూసుకుపోయి 6లా పడిందనుకోండి. 4746! బిషప్ దారి తెరిచే ఉంది. అవతలి నుంచి 7567 వస్తుంది. గుర్రం ఒకేసారి మంత్రినీ ఏనుగునీ పట్టింది, వెనక బిషప్ కాపలా, రాజు దాన్ని ముట్టుకోలేడు. "నేను రాసింది 45 అండీ" అని ఇంకో కార్డు వేస్తే చెల్లదు. 4244 లాంటి అసాధ్యమైన ఎత్తయితే గడువులో కొన్ని రోజులు కోసి మళ్లీ రాయమంటారు, ఆట బతుకుతుంది. ఆడదగ్గ ఎత్తు రాశారా, అంతే సంగతులు. అందుకే 5కి పైగీత విడిగా గీయండి, 7కి నడుమ అడ్డగీత పెట్టండి. అవతలివాళ్ల ఎత్తు కూడా మీ కార్డు మీద తిరగరాయండి. జెల్ పెన్ వద్దు, తడికి పాకుతుంది.

అభ్యాసం: 1965లో మొదలైన 5వ ప్రపంచ ఉత్తరాల చాంపియన్‌షిప్‌లో యాకోవ్ ఎస్ట్రిన్ (తెల్ల), హాన్స్ బెర్లినర్ (నల్ల) ఆడిన ఆట ఇదే దారిలో నడిచింది. 4745 తర్వాత: 5445 2725, 3461 3644, 3233 6645, 7554 4884, 5473 3874, 6263 5554, 3344 6846, 6125 5848, 5171 5463, 6163 1828.

63లో తెల్ల ఏనుగు చేతికందుతున్నా బెర్లినర్ వెంటనే కొట్టలేదు. ఎందుకు? కంప్యూటర్ ముట్టుకోకుండా ఆలోచించి, చివరి 1828కి తెల్లవారు ఇవ్వగల జవాబులు మూడు, ఒక్కోదానికి నల్లవారి జవాబు అంకెల్లో రాసి పంపండి. పెన్సిల్‌తో రాసినవి చూడను.