నల్ ఉన్న కాలమ్‌ని పోల్చేటప్పుడు లెక్క ఎక్కడ జారిపోతుందంటే

తణుకు దగ్గర ఒక రైస్ మిల్లుకి చిన్న సాఫ్ట్‌వేర్ రాసిచ్చానండి, దాళ్వా ధాన్యం వచ్చిన రోజు 40 లోడ్లు ఎక్కాయి, తేమ 17 శాతం లోపు ఎన్ని అంటే 24 అంది, 17 దాటినవి ఎన్ని అంటే 13 అంది, మరి మిగతా మూడు లారీలు ఏ కాలవలో పడ్డాయి? మిల్లు ఓనరు గారు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తే.

తీరా చూస్తే ఆ మూడిటికీ తేమ గడి ఖాళీ. మీటర్‌లో బ్యాటరీ అయిపోయిందని గుమస్తా వదిలేశాడు. డేటాబేస్‌లో అది నల్, అంటే సున్నా కాదు, "తెలీదు" అని. తెలీని తేమ 17 లోపా? తెలీదు. 17 పైనా? అదీ తెలీదు. డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్, అందులో ఏ వరసలు కావాలో (ఒక్కో లోడుకి ఒక్కో వరస) చెప్పే భాగం వేర్. వేర్‌లో రాసిన కండిషన్ ఖచ్చితంగా నిజమైతేనే ఆ వరస బయటికొస్తుంది, తెలీదు అన్నా అబద్ధం అన్నా బయటే నిలబెడతది. ముందు నాట్ తగిలించినా అంతే, తెలీదుకి తిరగేస్తే మళ్ళీ తెలీదే.

అందుకే "తేమ = నల్" అని రాస్తే జన్మలో ఒక్క వరసా రాదు. "తేమ ఈజ్ నల్" అనాలి. నాకు 17 దాటినవీ తేమ తెలీనివీ రెండూ కావాలి, అందుకని ఇలా రాశాను:

వేర్ తేమ > 17 ఆర్ తేమ ఈజ్ నల్

కొందరు కోయలెస్ (నల్ ఉన్నచోట మనం చెప్పిన విలువ పెట్టేది) పెట్టి నల్‌ని సున్నా చేసేస్తారు, ఇక్కడ మాత్రం ఆ పని చెయ్యకండి బాబూ, తడి ధాన్యం కూడా సున్నా శాతం తేమతో పాసైపోద్ది.

అసలు దెబ్బ నాట్ ఇన్ (ఈ జాబితాలో లేనివి ఇవ్వు అనేది) దగ్గర తగిలింది. ఇంకా డబ్బులు అందని రైతులు ఎవరని ఇలా అడిగాను:

వేర్ ఐడీ నాట్ ఇన్ (సెలెక్ట్ రైతు_ఐడీ ఫ్రమ్ చెల్లింపులు)

ఒక్క పేరూ రాలేదు. అందరికీ ఇచ్చేశాం అనుకుని ఓనరు గారు టీ కూడా తెప్పించారు, బయట చూస్తే రైతులు నిలబడే ఉన్నారు. చెల్లింపుల్లో ఒకదానికి రైతు ఐడీ వెయ్యలేదు, అదే కొంప ముంచింది. నాట్ ఇన్ అంటే లోపల "ఐడీ <> 5 అండ్ ఐడీ <> 9 అండ్ ఐడీ <> నల్" అనే కదా, అంటే ఐడీ 5 కాదు, 9 కాదు, నల్ కాదు అని, ఆ చివరి ముక్క ఎప్పటికీ నిజం కాదు, దాంతో మొత్తం గొలుసు ఎవరికీ నిజం కాదు. అప్పట్నుంచీ నాట్ ఎగ్జిస్ట్స్ (అలాంటి వరస అసలు లేదా అని చూసేది) తప్ప ఇంకోటి వాడట్లేదు.

సగటు కూడా చూస్కోండి. 16, 18, నల్, 20 ఉంటే ఏవీజీ 18 ఇస్తది, మూడుతోనే భాగిస్తది. కౌంట్‌లో స్టార్ పెడితే వరసలన్నీ లెక్కేసి నాలుగు, తేమ అని పెడితే నల్ వదిలేసి మూడు. ఒకే విలువ ఉన్నవాటిని కలిపే గ్రూప్ బై మాత్రం నల్‌లన్నిటినీ ఒకే కుప్పలో పోస్తది, అదో వింత. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చమని ఆర్డర్ బై పెడితే నల్‌లు పోస్ట్‌గ్రెస్‌లో చివర్న, మైఎస్‌క్యూఎల్‌లో ముందు వస్తాయి. ఒరాకిల్ అయితే ఖాళీ స్ట్రింగ్‌ని కూడా నల్ అనే అనుకుంటది.

ఇంత గోల ఎందుకు, తేమకి నాట్ నల్ (గడి ఖాళీగా వదలనివ్వని నియమం) పెట్టెయ్యొచ్చుగా అన్నాడు మా తమ్ముడు. పెట్టి చూశా. మర్నాడు మీటర్ పనిచెయ్యని ప్రతి లోడుకీ గుమస్తా 17 కొట్టేశాడు. తీసేశా.