వేరేవాళ్ళ అప్పుకి మీ ఫోన్ మోగుతుంటే ఏం చేయాలి?

పోయిన ఏడాది అమ్మకి కొత్త సిమ్ తీసుకున్నాం, విజయవాడ పటమటలో మా ఇంటి పక్క షాపులోనే. గుర్తుపెట్టుకోడానికి తేలికైన నంబరని మురిసిపోయింది. నాలుగో రోజు పొద్దున్నే ఇడ్లీ వాయి దించుతుంటే ఫోను. "లారీ ఫైనాన్స్ నుంచండీ. ఫలానా ఆయన ఉన్నారా? మూడు ఈఎంఐలు పెండింగ్." అమ్మ మర్యాదగా, "ఆయనెవరో మాకు తెలీదు బాబూ, కనిపిస్తే చెప్తాలే" అంది.

ఆ "చెప్తాలే" మా కొంప ముంచింది. ఆ రోజు నుంచి రోజుకి నాలుగైదు ఫోన్లు. బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి.

మా పిన్ని కొడుకు రెండేళ్ళు బెంజి సర్కిల్ దగ్గర ఓ కలెక్షన్ ఏజెన్సీలో, అంటే కంపెనీల తరఫున బాకీలు వసూలు చేసేచోట, పనిచేశాడు. వాణ్ణి అడిగితే నవ్వాడు. "అన్నయ్యా, నంబరు తీసేసే అధికారం మా చేతిలో ఉండదు. పైనుంచి ఎక్సెల్ షీటు వస్తుంది, వరసగా కొట్టుకుంటూ పోతాం. రాంగ్ నంబర్ అని రాసినా వచ్చే నెల షీటులో మళ్ళీ ఉంటుంది. పెద్దమ్మ చెప్తానంది కదా, మెసేజ్ ఇచ్చాం అని రాసుకుని ఉంటారు. అంటే తెలిసినవాళ్ళే అని లెక్క."

ఏజెంటు మీద అరిచి లాభం లేదని అప్పుడు అర్థమైంది. ఆ షీటు పంపేది అప్పిచ్చిన కంపెనీ. నంబరు తీయాల్సింది అక్కడ.

ముందు, మీకే ఎందుకొస్తోందో తేల్చుకోండి

ఎక్కువగా కారణం పాత నంబరే. ఎవరైనా వదిలేసిన నంబరుని 90 రోజులు ఆగాక టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. పాతాయన అప్పు కాగితాల్లో మాత్రం అదే నంబరు ఉండిపోతుంది. రెండోది, మీకు తెలిసినవాళ్ళు అప్పు తీసుకుంటూ మీ నంబరు రిఫరెన్స్‌గా రాయడం. మూడోది, ఒక అంకె తప్పు పడటం.

రిఫరెన్స్ అయితే భయపడకండి. రిఫరెన్స్ వేరు, హామీ సంతకం వేరు. షూరిటీగా సంతకం పెడితే అప్పు తీసుకున్నవాడితో సమానంగా మీకూ బాధ్యత ఉంటుంది, కాంట్రాక్టు చట్టం అలాగే చెబుతుంది. సంతకం లేకుండా మీ నంబరు రాసినంత మాత్రాన మీరు పైసా కట్టక్కర్లేదు. పెద్దవాడైన కొడుకు చేసిన అప్పు తండ్రి కట్టాలన్నదీ చట్టంలో లేదు.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి: మీ పేరు మీదే ఎవరైనా అప్పు తీశారేమో. ఎవరి పేరు మీద ఏ అప్పులున్నాయో రికార్డు పెట్టే సంస్థలు నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒక్కొక్కటీ ఏడాదికో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకసారి చూసుకోండి. మీది కాని అప్పు కనిపిస్తే అక్కడే అభ్యంతరం పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన.

ఫోన్లో ఏం మాట్లాడాలి

ఒక్కసారి ఎత్తండి, కాగితం పెన్నూ పెట్టుకుని. అప్పిచ్చిన బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరేంటి, మీ ఏజెన్సీ పేరేంటి, మీ పేరేంటి? ఈ మూడే అడగండి. తర్వాత ఇంతే చెప్పండి: "ఈ నంబరు ఆయనది కాదు. ఆయన నాకు తెలీదు. జాబితాలోంచి తీసేయండి." తెలిసినవాళ్ళైతే, "నేను హామీదారుని కాదు, కబుర్లు మోయను" అనండి.

మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఆధార్, పాన్, ఇంటి అడ్రసు మాత్రం ఇవ్వకండి. "వెరిఫికేషన్ కోసం" అంటారు. నంబరు తప్పని తేల్చడానికి మీ పాన్‌తో ఏం పని? "ఐదొందలు కట్టండి, కేసు క్లోజ్ చేస్తాం" అంటే ఆ మాటతోనే ఫోన్ పెట్టేయండి.

కొందరు విసుగొచ్చి "ఆయన పోయారండీ" అనేస్తారు. మా ఎదురింటాయన అదే చేశాడు. మర్నాటి నుంచి వారసులెవరని ఫోన్లు మొదలయ్యాయి.

1909కి డీఎన్‌డీ (ప్రకటనల ఫోన్లు వద్దని నమోదు) పెట్టుకుంటే ఆగుతాయనుకుంటారు. అది ప్రకటనల ఫోన్లకి, వీటికి కాదు.

లెక్క రాసుకోండి

తేదీ, టైము, ఏ నంబరు, ఏమన్నారు. అమ్మ పాల లెక్క రాసే పుస్తకంలో వెనకవైపు రాసింది, అదే చివరికి పనికొచ్చింది. టైము ముఖ్యం. పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత అప్పు వసూలు ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో ఆర్‌బీఐ ఆదేశించింది. మైక్రోఫైనాన్స్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకిచ్చే చిన్న) అప్పులకైతే 9 నుంచి 6 వరకే. అప్పు తీసుకున్నవాడి ఇంటివాళ్ళని, రిఫరెన్సులని, స్నేహితులని వేధించడం కూడా కుదరదని ఆగస్టు ఆదేశంలోనే ఉంది.

అసలు పని: కంపెనీకి రాయడం

కంపెనీ వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరూ ఈమెయిలూ ఉంటాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే లోన్ నంబరు అడుగుతారు, మనకి లోనే లేదు కదా, అక్కడే ఆగిపోతాం. అందుకే మెయిలు. నేను పంపింది దాదాపు ఇలా ఉంది:

"ఈ మొబైల్ నంబరు ఫలానా తేదీ నుంచి మా కుటుంబం వాడుతోంది. మీ రుణగ్రహీత ఎవరో మాకు తెలియదు. మేము మీ వద్ద అప్పు తీసుకోలేదు, ఎవరికీ హామీ ఉండలేదు. ఈ కింది తేదీల్లో ఈ నంబర్ల నుంచి ఫోన్లు వచ్చాయి. మీ రికార్డుల నుంచీ, మీరు ఏజెన్సీలకు పంపే జాబితాల నుంచీ ఈ నంబరు తొలగించి, తొలగించినట్టు రాతపూర్వకంగా తెలపగలరు."

"ఏజెన్సీలకు పంపే జాబితాల నుంచీ" అన్న ముక్క వదలకండి. అది లేకపోతే ఆఫీసు రికార్డులో మాత్రం మార్చి, ఫోన్లు అలాగే వస్తుంటాయి. రద్దయిన నంబర్ల జాబితా చూసి తమ డేటాబేస్ సరిచేసుకోవాలని 2025 జనవరిలో ఆర్‌బీఐ బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ చెప్పింది, ఆ సంగతి కూడా ఒక వాక్యంలో గుర్తుచేయండి. రుజువుగా పోస్ట్‌పెయిడ్ బిల్లు, లేదా సిమ్ పనిచేయడం మొదలైన రోజు వచ్చిన మెసేజ్ చాలు. ఆధార్ జతచేయకండి.

బ్రాంచి దగ్గర్లో ఉంటే ఇంకా మేలు. లెటర్ రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి. బందరు రోడ్డు మీది బ్రాంచిలో నన్ను ముప్పావుగంట కూర్చోబెట్టారు, స్టాంపు మాత్రం వేశారు.

30 రోజులు దాటితే

జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు. సందేహాలకి 14448. ఒక చిక్కుంది: ఈ ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ పథకం కస్టమర్ల కోసం రాసింది. అందుకే మొదటి వాక్యంలోనే "నేను వీళ్ళ కస్టమర్‌ని కాను, నా ఫిర్యాదే అది" అని రాసి, మెయిలు కాపీ, ఫోన్ల లెక్క పెట్టండి.

బెదిరిస్తే

ఇక్కడ ఓపిక పట్టకండి. బూతులు తిట్టినా, ఇంటికొస్తామన్నా, ఫొటోలు మార్చి పంపుతామన్నా రికార్డింగ్, స్క్రీన్‌షాట్లు దాచి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ స్టేషన్‌లో కూడా రాసివ్వండి. తీసుకోకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పోలీసు అధికారులకే ఇవ్వొచ్చు. లోన్ యాప్ అయితే, అప్పు తీసుకున్నవాడి ఫోన్లోని కాంటాక్టుల జాబితాని యాప్ ముట్టుకోకూడదని 2022 నుంచీ నిబంధన ఉంది. రిఫరెన్స్‌గా ఎవరూ రాయకుండానే వాళ్ళ దగ్గర మీ నంబరు ఉందంటే అదే ఒక ఫిర్యాదు. ఏ కంపెనీయో చెప్పకుండా డబ్బు అడిగే నంబర్లని టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో, మోసపు ఫోన్ల మీద ఫిర్యాదుకి పెట్టిన చక్షు విభాగంలో నమోదు చేయండి.

అమ్మ విషయంలో మొదటి మెయిలుకి జవాబు లేదు. స్టాంపు వేయించుకున్న లెటర్ ఇచ్చిన మూడు వారాలకి "తొలగించాం" అని ఒక్క వాక్యం వచ్చింది, ఫిర్యాదు నంబరుతో. ఆ తర్వాత కూడా రెండు ఫోన్లు, వేరే ఏజెన్సీ నుంచి, పాత షీటు పట్టుకుని. ఇడ్లీ పిండి చేత్తోనే ఫోనెత్తి అమ్మ ఫిర్యాదు నంబరు చదివింది. అవతలివాడు "సరేనమ్మా" అని పెట్టేశాడు. ఆ నంబరు రాసిన చీటీ ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది.