పీహెచ్‌సీకి వెళ్తున్నారా? ఓపీ చీటీ పారేయకండి

నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. రోగుల హక్కుల పత్రం ఒకటి ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో తయారు చేసింది. ఆసుపత్రుల్లో అందరికీ కనపడేలా పెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు రాసింది. పెట్టినచోట కూడా దాని ముందు నిలబడి చదివేవాళ్లు తక్కువే. అందుకే లోపలికి వచ్చిన దగ్గర్నుంచి బయటికి వెళ్లేదాకా ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు ఓపీ చీటీ. పేరు, వయసు సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి. ఆభా నంబరు (మీ ఆరోగ్య వివరాలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకోవడం మీ ఇష్టం, బలవంతం లేదు. చీటీ చేతికొచ్చాక జాగ్రత్త. చాలామంది మందులు తీసుకోగానే దాన్ని బిళ్లలకు పొట్లం చుట్టేస్తారు. మళ్లీ వచ్చి "పోయినసారి ఇచ్చిన తెల్ల బిళ్ల ఇవ్వండమ్మా" అంటారు. మా దగ్గర సగం మందులు తెల్లవే. ఒక ప్లాస్టిక్ కవరులో పాత చీటీలు, రిపోర్టులు, వాడుతున్న మందుల అట్టలు వేసి, వచ్చిన ప్రతిసారీ తెచ్చుకోండి. రేపు ఏదైనా తేడా వచ్చి అడగాలన్నా మీకు ఆధారం ఆ చీటీయే.

డాక్టరు గదిలో మీరు దాచకూడని మాట ఒకటుంది. ఇక్కడికి రాకముందే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఉంటారు. చెప్తే డాక్టరుగారు తిడతారేమోనని నోరు మెదపరు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరుగుతుంది. ఆ సంగతి తెలియక ఇక్కడ మీ షుగర్ బిళ్లలు పెంచుతారు. తర్వాత సూది ప్రభావం తగ్గాక షుగర్ మరీ దిగిపోయి, కళ్లు తిరిగి పడిపోతే బాధపడేది మీరే. తిడితే తిట్టించుకోండి గానీ చెప్పండి. నాటు మందు వాడినా, బీపీ బిళ్లలు మధ్యలో ఆపేసినా, ఏ మందుకైనా ఒకసారి దద్దుర్లు వచ్చినా చెప్పండి.

అలాగే "సూది వేయండి, సెలైన్ పెట్టండి" అని పట్టుబట్టకండి. మింగగలిగిన మనిషికి చాలా జ్వరాల్లో బిళ్ల చాలు. సూది వేయలేదంటే సరిగ్గా చూడలేదని కాదు. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి: నాకేమైంది, ఈ మందు ఎన్ని రోజులు, అన్నానికి ముందా తర్వాతా, తగ్గకపోతే ఎప్పుడు రావాలి. అర్థం కాకపోతే మళ్లీ అడగడం మీ హక్కు. లైను పెద్దదిగా ఉంటే డాక్టరు విసుక్కోవచ్చు. అప్పుడు బయటికొచ్చి మమ్మల్ని అడగండి, చెప్తాం.

ఇంకోటి, టేబుల్ చుట్టూ పదిమంది మూగి ఉంటే ఆడవాళ్లు తెల్లబట్ట గురించో, నెలసరి గురించో నోరు విప్పలేరు. "వీళ్లని కాస్త బయటికి పంపండి" అని అడగొచ్చు. మగ డాక్టరు పరీక్ష చేస్తుంటే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలని కోరొచ్చు, అదీ హక్కుల పత్రంలో ఉంది. హెచ్‌ఐవీ పరీక్షకు మీ ఒప్పుకోలు తప్పనిసరి, ఫలితం ఊళ్లో ఎవరికీ చెప్పకూడదు. అది 2017 చట్టం.

మందుల దగ్గర "లేవు" అంటే వెంటనే బయట షాపుకి పరిగెత్తకండి. ఎప్పుడొస్తాయి, బదులు వేరే మందు ఉందా అని అడగండి. లేకపోతే చీటీ మీద ఏ మందు ఇచ్చారో, ఏది ఇవ్వలేదో ఫార్మసిస్టు చేత రాయించుకోండి. రాయమని అడిగాక లోపలి అలమారలోంచి మందు బయటికి రావడం కూడా నేను చూశాను, ఏ ఆసుపత్రిలోనో చెప్పను.

కుక్క కరిస్తే పుండును సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి రండి. టీకా మొదటి రోజు (దాన్ని సున్నాగా లెక్కపెట్టాలి), తర్వాత 3, 7, 28వ రోజుల్లో. చేతికి పసరు కట్టించుకుని మూడోది ఎగ్గొట్టకండి. పాము కాటు, యాక్సిడెంటు లాంటివైతే ముందు ప్రాణం కాపాడాలి, కాగితాల సంగతి తర్వాత. సుప్రీంకోర్టు 1989లోనే ఇది చెప్పింది. పెద్దాసుపత్రికి పంపితే ఏ మందు, ఏ టైముకి ఇచ్చామో రాసిన రిఫరల్ చీటీ తీసుకునే 108 ఎక్కండి.

కాన్పు సంగతికొస్తే, 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో అంతా ఉచితమే. మందులు, పరీక్షలు, అవసరమైతే ఆపరేషను, రక్తం, మామూలు కాన్పుకి 3 రోజులు, ఆపరేషనుకి 7 రోజులు భోజనం, ఇంటికి తిరుగు బండి కూడా. మరి "మగపిల్లాడు పుట్టాడుగా, మామూలివ్వండి" అని చెయ్యి చాపేవాళ్లు? ఇవ్వకండి. సంతోషంతో ఇస్తున్నామనీ అనకండి. మీ వెనక వచ్చే పేదరాలికి అది రేటవుతుంది.

కోపం వస్తే ఏం చేయాలో కూడా చెప్పాలి. ఆలస్యమైందని చొక్కా పట్టుకోవడం, అద్దాలు పగలగొట్టడం చేస్తే 2008 నాటి చట్టం కింద 3 ఏళ్ల దాకా జైలు, 50,000 దాకా జరిమానా ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే నర్సుగా ఈ చట్టం మీద నాకు మమకారం ఎక్కువే. గొడవకంటే తెల్లకాగితం మేలు. తేదీ, ఓపీ నంబరు, జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి, చీటీ జిరాక్సు జతచేసి మెడికల్ ఆఫీసరుకి ఇవ్వండి. కదలిక లేకపోతే డీఎంహెచ్‌వోకి (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి), అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో. అడ్మిట్ అయి ఉంటే కేసు షీటు కాపీ రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ప్రతిచోటా రెండో కాపీ మీద సంతకం, స్టాంపు వేయించుకుని అదే ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి.