ఇంట్లో కట్టుకున్న హాట్ రాడ్ జీపుకు సస్పెన్షన్ మార్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

పాత జీపును ఇంటి ఆవరణలోనే విప్పి, బాడీ తగ్గించి, ఇంజిన్ సరిచేసి హాట్ రాడ్‌గా, అంటే వేగానికీ సొంత అందానికీ తగ్గట్టు మార్చిన బండిగా కట్టుకునేవారికి చివరలో రెండు పెద్ద పనులు మిగులుతాయి. ఒకటి సస్పెన్షన్‌ను, అంటే చక్రాల కుదుపును బాడీకి చేరనివ్వని స్ప్రింగులు, షాకుల అమరికను మెరుగుపరచడం, రెండవది రంగు, క్రోమ్, వైరింగ్ వంటి తుది మెరుగులు. బెజవాడ ఎండలు ముదరకముందే మొదలుపెట్టి, జూన్‌లో వానలు పట్టేలోగా బండిని రోడ్డెక్కించాలన్న తొందరలో చాలామంది ఈ రెంటినీ కలగలిపి చేస్తారు. అది సరైన పద్ధతి కాదు. ఇరుసు పైకీ కిందికీ తన పూర్తి మేర కదిలినా ఏ భాగమూ మరొకదానికి తగలడం లేదని నిర్ధారించుకున్న తరువాతే రంగు డబ్బా మూత తీయాలి. ఈ వరుస తప్పితే రంగు పాడవడం చిన్న నష్టమే. తెగకూడని బ్రేకు గొట్టం నడిరోడ్డు మీద తెగడం పెద్ద నష్టం.

పని మొదలుపెట్టకముందే చూసుకోవలసినది చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. ఈ నియమాన్ని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో గట్టిగా సమర్థించింది. అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు 2019 సవరణతో చట్టంలో చేరింది. కాబట్టి ఛాసిస్‌కు గ్యాస్ కటింగ్ పెట్టేముందే రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ విచారించి, వారి సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం క్షేమం.

హాట్ రాడ్ ఫొటోలను చూసి జీపు సస్పెన్షన్ రూపొందించేవారు ఒక విషయం గమనించాలి. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల మీద పందేలకు కుర్రవాళ్లు కట్టుకున్న హాట్ రాడ్ బండ్లలో ఎక్కువ భాగం పాత ఫోర్డు కార్లే. 1932 ఫోర్డులో కమాను కట్ట (ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీల స్ప్రింగు) ఇరుసుకు సమాంతరంగా, అడ్డంగా ఉంటుంది. విల్లీస్ నమూనా మీద వచ్చిన మన జీపుల్లో కమాను కట్టలు ఛాసిస్ పొడవునా, చక్రానికి ఒకటి చొప్పున ఉంటాయి. ఫోర్డులో ముందు భాగాన్ని కిందికి దించే ఉపాయం జీపుకు అలాగే పనికిరాదు. పైగా పాత జీపు వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరం) 80 అంగుళాలే కావడంతో, ఇంజిన్ శక్తిని వెనుక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ బాగా పొట్టిది. ఎత్తులో రెండు అంగుళాల తేడా వచ్చినా ఆ షాఫ్ట్ చివరల్లోని మడత కీళ్ల, అంటే యూనివర్సల్ జాయింట్ల కోణం చాలా మారిపోతుంది.

ఇక బండిని ఎత్తడం. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. బండి కిందికి చేయి పెట్టే ముందే తగిన బరువు మోయగల ఇనుప స్టాండ్లను ఛాసిస్ కింద నిలిపి, నేల మీద ఉన్న చక్రాలకు రెండు వైపులా అడ్డుదిమ్మలు వేయాలి. ఇటుకలు, సిమెంటు బోలు దిమ్మలు ఎంత గట్టిగా కనిపించినా, ఒక్కచోట బరువు పడితే ముందుగా ఏ సూచనా ఇవ్వకుండానే పగిలిపోతాయి. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మెత్తబడుతుంది గనుక వీధి పక్కన పని చేయకూడదు. మట్టి నేలైతే స్టాండ్ల కింద మందపాటి ఇనుప పలక పరచాలి. స్టాండ్ల మీద నిలిపాక బండిని చేతులతో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి దూరాలి. ఆ సమయంలో ఇంట్లో మరొకరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి.

స్ప్రింగులో దాగి ఉన్న బలాన్ని ఎవరూ తక్కువగా అంచనా వేయకూడదు. కమాను పట్టీలను కలిపి పట్టి ఉంచే సెంటర్ బోల్టును విప్పేముందు కట్టకు ఇరువైపులా బలమైన బిగింపులు వేసి, వాటిని కొద్దికొద్దిగా వదలాలి. వేరే కారు నుంచి తెచ్చిన చుట్ట స్ప్రింగులు అమర్చేవారు స్ప్రింగును నొక్కిపట్టే సరైన కంప్రెసర్ పనిముట్టునే వాడాలి. దాని కొక్కేలు స్ప్రింగుకు ఎదురెదురుగా ఉండాలి, రెంటినీ సమానంగా బిగించాలి, స్ప్రింగు చివర ఉన్న దిక్కున ముఖంగాని చేయిగాని ఉంచకూడదు. తాడుతోనో తీగతోనో కట్టి స్ప్రింగు తీయడం ప్రాణాంతకం. ఎత్తు తగ్గించడానికి కమాను పట్టీలను గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచడం కూడా తగదు. కాల్చిన చోట ఉక్కు పదును పోతుంది. అక్కడ పట్టీ కుంగిపోతుంది, లేదా విరుగుతుంది. ఆ పని స్ప్రింగు ఉక్కును తిరిగి పదును పెట్టగల కమాన్ల పనివారి చేత చేయించాలి.

ఆటోనగర్‌లో కావలసిన భాగం దాదాపు ఏదైనా దొరుకుతుంది. అది మన అదృష్టం. అయితే పాత సామాను కొనేటప్పుడు ఓపిక అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీటిలో నిలిచిపోయాయి. అలా నానిన బండి నుంచి వచ్చిన ఇరుసు పైకి శుభ్రంగా కనిపించినా, బేరింగులలో తుప్పు, గ్రీజులో బురద ఉండవచ్చు. గేరు ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే నీరు చేరినట్లే. షాక్ అబ్జార్బర్ కడ్డీ మీద గోరు ఆనించి లాగితే గుంటలు తగిలే పక్షంలో దాన్ని కొనకూడదు. షాకులు, రబ్బరు బుష్షులు, కమాను కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు మాత్రం కొత్తవే కొనాలి. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది గనుక దాన్ని మళ్లీ వాడకూడదు.

అన్నింటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసినది పూర్తి కదలిక పరీక్షకు. ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, కమాను కట్టలో ప్రధాన పట్టీ ఒక్కటే ఉంచి మిగిలినవి తీసేస్తే ఇరుసును జాకీతో సులువుగా పైకీ కిందికీ కదపవచ్చు. మొదట రెండు చక్రాలనూ కలిపి, తరువాత ఒకటి పైకి మరొకటి కిందికి ఉండేలా కదపాలి. ప్రతి స్థితిలోనూ స్టీరింగును రెండు చివరలకూ తిప్పి టైరు మడ్గార్డుకు, ఛాసిస్‌కు, బ్రేకు గొట్టానికి తగులుతుందేమో చూడాలి. ఇరుసు పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాన్ని ఆపే రబ్బరు అడ్డుదిమ్మే (బంప్ స్టాప్) ముందుగా తగలాలి. అప్పటికి షాక్ కడ్డీ ఇంకా కనీసం రెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్లే వీలుండాలి. ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడు దాని బరువు షాకు మీదగాని, బ్రేకు గొట్టం మీదగాని పడకూడదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ జారుడు భాగం ఆ స్థితిలో బయటికి ఊడివచ్చేంతగా సాగకూడదు, పైకి వచ్చిన స్థితిలో లోపల చివరికి ఆనకూడదు. షాఫ్ట్ రెండు చివరల్లోని జాయింట్ల కోణాలు సమానంగా లేకపోతే వేగంలో బండి వణుకుతుంది. కమాను కట్టకూ ఇరుసుకూ నడుమ చీలికలాంటి ఇనుప పలక పెట్టి సరిచేస్తారు. ముందు ఇరుసుకు అదే పలక తలకిందులుగా పెడితే ముందు చక్రాలు తిరిగే కీలు వాలు (క్యాస్టర్) మారి బండి రోడ్డు మీద తిన్నగా నిలవదు.

స్టీరింగును మరో కోణంలోనూ పరీక్షించాలి. ఇరుసును పైకీ కిందికీ కదుపుతున్నప్పుడు స్టీరింగు చక్రాన్ని ఎవరూ తిప్పకుండా కదలకుండా పట్టుకోవాలి. అయినా ముందు చక్రాలు తమంతట తాము పక్కకు తిరుగుతుంటే, ఎత్తు మార్చడంవల్ల డ్రాగ్ లింకు (స్టీరింగు కదలికను చక్రాల వైపు చేర్చే కడ్డీ) వాలు చెడిందని అర్థం. ఆ స్థితిలో గుంతలో పడిన ప్రతిసారీ బండి తానే దారి మళ్లుతుంది. లారీల నడుమ జాతీయ రహదారి మీద అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. దీన్ని సరిచేయకుండా ముందుకు సాగకూడదని నా గట్టి అభిప్రాయం. సరిచేసేటప్పుడు రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్డు, డ్రాగ్ లింకు, స్టీరింగు చేతులను ఇంట్లో వెల్డింగ్ చేయడం పూర్తిగా మానుకోవాలి.

పరీక్ష ముగిశాక పట్టీలన్నీ అమర్చి, బోల్టులను వేళ్లతో పట్టేంతవరకే తిప్పి, బండిని చక్రాల మీదికి దించాలి. రబ్బరు బుష్షుల బోల్టులను ఆ తరువాతే టార్క్ రెంచితో (బిగువును కొలిచి చూపే రెంచి) బిగించాలి. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. బోల్టు తల మీద దాని బలాన్ని తెలిపే 8.8 లేదా 10.9 అన్న గుర్తు ఉండాలి. మెరుపు కోసం చాలామంది ఎంచుకునే స్టెయిన్‌లెస్ బోల్టులు సాధారణంగా వీటికన్నా బలహీనం. అవి బాడీకి బాగుంటాయి గాని సస్పెన్షన్‌కు పనికిరావు. నైలాన్ నట్లనూ, స్ప్లిట్ పిన్నులనూ రెండోసారి వాడకూడదు.

తుది మెరుగుల్లో ఎక్కువ ఆశపెట్టేది క్రోమ్. కమాను పట్టీలకు, గట్టి ఉక్కు బోల్టులకు క్రోమ్ ప్లేటింగ్ చేయిస్తే, యాసిడ్‌లోనూ ప్లేటింగ్ తొట్టిలోనూ ఉక్కులోకి హైడ్రోజన్ చొచ్చుకుపోయి దాన్ని పెళుసుగా మారుస్తుంది. ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల వేడిలో ఆ భాగాన్ని గంటల తరబడి ఉంచి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టవలసి ఉంటుంది. ఆ ఏర్పాటు లేని చోట ఈ భాగాలకు నల్లరంగే మేలు. పౌడర్ కోటింగ్ చేయించేవారు బోల్టులు ఆనే ముఖాలను టేపుతో కప్పించాలి. మందపు పొర మీద బిగించిన నట్టు ఆ పొర నలిగిన కొద్దీ వదులవుతుంది.

బ్రేకు పని కూడా రంగు కన్నా ముందే పూర్తి కావాలి, ఎందుకంటే మామూలు బ్రేకు ఆయిలు ఒలికితే రంగును లేపేస్తుంది. ఆ ఆయిలు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది గనుక ఎప్పుడో మూత తీసిన సీసాను వానాకాలానికి నమ్ముకోకూడదు. వెల్డింగ్ ఉన్న రోజున బ్యాటరీ తీగలు విప్పాలి, పెట్రోలు ట్యాంకును బండి నుంచి వేరు చేసి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి పేలుతుంది గనుక ట్యాంకుకు ఇంట్లో వెల్డింగ్ పెట్టనే కూడదు.

వానలు పట్టాక డ్యూకో రంగు కొడితే గాలిలోని తేమ వల్ల పైన తెల్లటి మబ్బులాంటి పొర తేలుతుంది. గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రంగుల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటివల్ల జీవితాంతం వదలని ఉబ్బసం రావచ్చు, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. ఆ రంగును పిల్లలు తిరిగే ఇంటి ఆవరణలో కొట్టకుండా, బయటి నుంచి గాలి అందించే ముసుగు, పెయింటింగ్ గది ఉన్న దుకాణానికి అప్పగించాలి.

మొదటి ప్రయాణం తెల్లవారుజామున, రద్దీ లేని దారిలో, నెమ్మదిగా సాగాలి. బెంజ్ సర్కిల్ వైపు గాని హైవే మీదికి గాని ఆ రోజు వెళ్లకూడదు. అంతకుముందే బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్కన ఉన్న లోహం మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీసి ఉంచాలి. కొద్ది కిలోమీటర్ల తరువాత ఆగి, గీతలు చెదిరాయా, బ్రేకు గొట్టాల మీద ఒరిపిడి మచ్చలున్నాయా, టైరు అంచుల్లో రాపిడి ఉందా చూడాలి. తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. సుమారు 50 కిలోమీటర్లు నడిచాక యూ బోల్టులు, కమాను కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ టార్క్ రెంచితో బిగించి, గీతలు కొత్తగా గీసిన తరువాతే ఇంట్లోవారిని బండి ఎక్కించుకోవాలి.