చింతపిక్కలతో ఆవర్తన పట్టిక కట్టడం ఎలా

మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే టెన్త్ పిల్లలు మొదటి వారంలోనే హైడ్రోజన్ నుంచి కాల్షియం దాకా ఇరవై మూలకాల పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. అదే "సోడియం ఆఖరి కర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లు రా?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు, ఎక్కాల్లాగా బట్టీ పెట్టించిన మనది. మూలకాలన్నిటినీ వరసలో పేర్చే ఆవర్తన పట్టికని (పీరియాడిక్ టేబుల్) ఎవరి చేత్తో వాళ్లు ఒక్క సాయంత్రంలో కట్టుకోవచ్చు, అలా కట్టిన పిల్లలు మళ్లీ మర్చిపోవడం నేను చూడలేదు.

కావాల్సినవి ముప్పై చింతపిక్కలు, ఒక సుద్దముక్క, పాత క్యాలెండర్ కాయితాలు చింపిన ముప్పై చీటీలు, కాస్త ఖాళీగా ఉన్న అరుగు.

అరుగు మీద మధ్యలో చిన్న సున్నా చుట్టండి. అది కేంద్రకం, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఉండేది అందులోనే. దాని చుట్టూ ఒకదాని బయట ఒకటిగా నాలుగు వలయాలు గీయండి, అవి ఎలక్ట్రాన్లు ఉండే కర్పరాలు. ఈ బొమ్మలో కొలతలు మాత్రం అబద్ధమని ముందే చెప్పేయండి. పరమాణువు అడ్డంలో కేంద్రకం దాదాపు లక్షో వంతు ఉంటుంది, అంటే ఊరి మధ్య రావిచెట్టు కింద సెంటీమీటరు చింతపిక్క పెడితే పరమాణువు అంచు అరకిలోమీటరు అవతల ఏ కాలవ గట్టు దగ్గరో ఉంటుంది, మధ్యలోదంతా దాదాపు ఖాళీయే. 1911లో రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త బంగారు రేకు ప్రయోగంతో తేల్చింది ఇదే. ఎలక్ట్రాన్లు ఇలా గీత గీసినట్టు వలయాల్లో తిరగవని ఇంటర్‌లో చెబుతారు, ఇవాళ్టి పనికి ఈ బొమ్మ చాలు.

ఇప్పుడు పిక్కలు, ఒక్కో పిక్క ఒక్కో ఎలక్ట్రాన్. మొదటి వలయంలో రెండు, రెండో దాంట్లో ఎనిమిది, మూడో దాంట్లో పద్దెనిమిది దాకా పడతాయని చెప్పండి. ఒక్కొక్క పిక్కే వెయ్యాలి, తొందర పడనివ్వకండి. పిక్క వేసినప్పుడల్లా కేంద్రకంలో ఒక ప్రోటాన్ కూడా పెరిగిందని చెప్పండి, ఎందుకంటే మూలకం ఏదో తేల్చేది ఆ ప్రోటాన్ల లెక్కే, దాన్నే పరమాణు సంఖ్య అంటారు. ఒక పిక్క వేస్తే హైడ్రోజన్, రెండు వేస్తే హీలియం, మొదటి వలయం నిండిపోయింది. మూడోది రెండో వలయంలోకి వెళ్తుంది, లిథియం. పిక్క పడ్డప్పుడల్లా ఒక చీటీ మీద మూలకం పేరూ, వలయాల లెక్కా రాసి పక్కన పెట్టండి. నియమం ఒక్కటే: కొత్త వలయం మొదలైతే కొత్త వరస మొదలు.

రెండో వలయంలో ఎనిమిది పట్టాక నియాన్. పదకొండోది సోడియం, 2, 8, 1. దాని చీటీ సరిగ్గా లిథియం కింద పడుతుంది. అలా ఆర్గాన్ దాకా వెళ్లాక చీటీలని పైనుంచి కిందకి చదవమనండి. ఒకే నిలువు వరసలో ఉన్నవాటికి ఆఖరి వలయంలో పిక్కల లెక్క ఒకటే! ఆ నిలువు వరసే గ్రూపు, అడ్డ వరస పీరియడ్. ఇక్కడ పిల్లలందరూ చేసే పొరపాటు ఒకటుంది, రెండు పిక్కలున్నాయి కదా అని హీలియంని బెరీలియం మీద పెడతారు. దాని వలయం నిండిపోయింది కాబట్టి అది కుడి చివర నియాన్ పైన ఉండాలి. (హీలియం కథకి మన పక్క ఊరితోనూ సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు నుంచే చూశారు. సూర్యకాంతిలో హీలియం పసుపు గీత ఆ ఏడాదే బయటపడింది, భూమ్మీద ఆ వాయువు దొరకడానికి 1895 దాకా పట్టింది.)

పంతొమ్మిదో పిక్క దగ్గర ఆగండి. మొన్న ఒక అమ్మాయి ఆ పిక్కని మూడో వలయం మీదే పట్టుకుని "ఆయ్, మూడో దాంట్లో పద్దెనిమిది పడతాయన్నారు కదండీ మాస్టారూ, ఎనిమిదే ఉన్నాయి, ఇందులోనే వెయ్యొచ్చు కదండీ?" అంది. చాలా మంచి ప్రశ్న. నీరు పల్లమెరుగు అంటాం కదా, ఎలక్ట్రానూ అంతే, శక్తి తక్కువున్న చోటికే పోతుంది. మూడో వలయంలో మిగిలిన పది చోట్ల కంటే నాలుగో వలయంలో మొదటి రెండు చోట్లు కాస్త పల్లంలో ఉన్నాయి. అందుకే పొటాషియం 2, 8, 8, 1, సోడియం కిందకే చేరుతుంది.

దీన్ని ఇంట్లో వస్తువులతో చూపించాలి. వంటింట్లో ఉప్పు సోడియం క్లోరైడ్, కొబ్బరి మొక్కల మొదట్లో వేసే ఎర్ర పొటాష్ పొటాషియం క్లోరైడ్. సోడియానికైనా పొటాషియానికైనా బయట ఒక్క పిక్కే ఎక్కువ, క్లోరిన్‌కి ఒక్కటే తక్కువ. ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఒక్కొక్కరే, అందుకే రెండు చోట్లా ఒకటికి ఒకటే జత.

క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి (దాదాపుగా ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన లెక్క) 35.5 దగ్గర కూడా పిల్లలకి టెన్షనే, అర న్యూట్రాన్ ఎక్కడిదని. అర ఏమీ లేదు, ప్రతి నాలుగు క్లోరిన్ పరమాణువుల్లో సుమారు మూడింటి ద్రవ్యరాశి 35, ఒకదానిది 37, సగటు వేస్తే అదే వస్తుంది. 1869లో మెండలీవ్ అనే రష్యా శాస్త్రవేత్త ద్రవ్యరాశిని బట్టే పట్టిక వేసి, అప్పటికి దొరకని మూలకాలకి ఖాళీలు వదిలారు, 1875లో దొరికిన గాలియం అందులో ఒకటి. అయితే ద్రవ్యరాశి ఒక్కటే చూస్తే ఆర్గాన్ కంటే పొటాషియం తేలిక, ముందుకొచ్చి నియాన్ కింద కూర్చుంటుంది. 1913లో మోస్లీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఎక్స్-కిరణాలతో పరమాణు సంఖ్యే అసలు వరస అని చూపించాక ఆ చిక్కు తీరిపోయింది.

ఇరవయ్యోది కాల్షియం, 2, 8, 8, 2. ఇప్పుడు బోరాన్ నుంచి కుడి వైపున్న చీటీలన్నీ పది చీటీలు పట్టేంత దూరం జరపండి. ఇరవై ఒకటో పిక్కని మళ్లీ వెనక్కి, మూడో వలయంలోకి వెయ్యమనండి. అది స్కాండియం. అక్కణ్నుంచి ఆ వలయంలో మిగిలిన పది చోట్లూ నిండుతాయి, పట్టిక మధ్యలో పది నిలువు వరసలు వచ్చింది అందుకే. క్రోమియం, రాగి దగ్గర బయటి వలయంలో రెండుకి బదులు ఒక్క పిక్కే మిగులుతుంది, రెండోది లోపలికి పోతుంది, ఆ రెండు చీటీల మీద చుక్క పెట్టుకోండి. ముప్పయ్యో పిక్కతో మూడో వలయం పద్దెనిమిదీ నిండిపోయి జింకు వస్తుంది, 2, 8, 18, 2. వరి ఆకుల మీద తుప్పు మచ్చలొస్తే చేలో వేసే జింకు సల్ఫేట్‌లో ఉన్నది ఈ జింకే.