జడకోలాటం: అల్లడం కంటే విప్పడమే కష్టం

శ్రీరామనవమి పందిట్లో మామూలు కోలాటం నెల్లూరు పల్లెల్లో ఎవరైనా వేసేస్తారు. పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఆడుతూ వాటిని జడలా అల్లి, మళ్లీ విప్పే జడకోలాటం దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలా జట్లు అల్లడం దాకా బాగానే పోయి, విప్పేటప్పుడు చిక్కుపడి నిలబడిపోతాయి. ఆ చిక్కు అప్పుడు పడింది కాదు, అల్లేటప్పుడే పడి పైన దాక్కుని ఉంటుంది. అందుకే తాళ్ల ఏర్పాటు నుంచే జాగ్రత్త కావాలి.

కొత్త జట్టుకు 8 ఉద్దులు (జతలు), అంటే 16 మంది సరిపోతారు. ఉద్దుల సంఖ్య నాలుగు లెక్కనే ఉండాలని కొందరు పట్టుబడతారు గానీ అదేం అక్కర్లేదు. ఏడైనా తొమ్మిదైనా జడ పడుతుంది, ఒంటి మనిషి మిగలకపోతే చాలు.

తాడు నూలుదే కావాలి, చిటికెనవేలంత లావు. నైలాన్ జారుతుంది, అల్లిక బిగియదు, అరచేయి కోసుకుపోతుంది. తాళ్లు కట్టే కడియం 12 అడుగుల ఎత్తులో ఉంటే ఒక్కో తాడు 15 అడుగులు. అందులో ఒక అడుగు పైన ముడికి పోతుంది. 8 తాళ్లకు ఎరుపు, 8కి పచ్చ రంగు వేయాలి. ఇంట్లోనే రంగు వేస్తే ఒకసారి ఉతికి ఆరబెట్టండి, లేకుంటే చెమటకి ఆ రంగంతా తెల్ల పంచెల మీదికి దిగుతుంది. జానెడు వెడల్పున్న ఇనప కడియానికి ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ వరసలో సమాన దూరంలో తాళ్లు కట్టాలి. కడియాన్ని దూలానికి మూడు చోట్ల బిగించాలి. ఒక్క తాడుతో వేలాడదీస్తే అది గిర్రున తిరిగి, ఎవరి తప్పూ లేకుండానే జడ మెలిపడుతుంది. కట్టడం అయ్యాక తాళ్ల కొసలన్నీ ఒకచోట పట్టి లాగి చూడండి. ఒక్కటి పొట్టిదైనా జడ ఒక పక్కకు వాలుతుంది.

చోటు 30 అడుగుల చదరం ఉండాలి. కోతలైపోయిన కళ్ళం దివ్యంగా ఉంటుంది, కొయ్యకాళ్ల మడి వద్దు. కోల అడుగుంపావు పొడవు, బొటనవేలి లావు, బాగా ఎండిన గట్టి కర్ర. పచ్చికర్రతో చేస్తే మొద్దు శబ్దం వస్తుంది, నాలుగు దెబ్బలకే చీలుతుంది.

ఎరుపు తాడు పట్టినవాళ్లు ప్రదక్షిణంగా, పచ్చతాడు వాళ్లు అప్రదక్షిణంగా నడుస్తారు. తాడు ఎప్పుడూ కడియం వైపున్న చేతిలోనే ఉండాలి. ఎరుపువాళ్లకు నడిమధ్య కుడిపక్కన పడుతుంది కాబట్టి తాడు కుడిచేత, కోల ఎడమచేత. పచ్చవాళ్లకు తాడు ఎడమచేత, కోల కుడిచేత. ఎదురుపడ్డప్పుడు రెండు కోలలూ వలయానికి బయటివైపే సూటిగా కలుస్తాయి, తాళ్లకు తగలవు. కుడిచేతి వాటమని అందరికీ కుడిచేతికే కోల ఇస్తే, సగం మందికి తాడు ఒంటికి అడ్డంగా పడి మెడకు చుట్టుకుంటుంది.

అల్లిక సూత్రం చిన్నది. మొదటి దాటుకు ఎరుపువాళ్లు బయటగా, పచ్చవాళ్లు లోపలగా. రెండో దాటుకు ఎరుపు లోపల, పచ్చ బయట. మళ్లీ మొదటిలాగే. బయటగా పోయేవాళ్లు తాడు చేతిని తలపైకి ఎత్తాలి, లోపలగా పోయేవాళ్లు తమ చేయి దించి, తల వంచి ఆ తాడు కింద దూరాలి. చేయి ఎత్తడంలో ఒక్క క్షణం ఆలస్యమైనా ఎదుటివాళ్ల తలపాగా తాడుతోపాటు వెళ్తుంది, జనం నవ్వుతారు. నాలుగు మాత్రల నడకైతే ఒకటికి కోల దెబ్బ, రెండు మూడులకు దాటు, నాలుగుకు ఉన్నచోటే అడుగు.

తాళ్లు ముట్టకుండా ముందు ముగ్గుపిండితో వలయం గీసి వట్టి నడకే నడిపించండి. గురువు “బయట, లోపల” అని పాటపాడినట్టు అంటూ ఉండాలి, అదీ ఎరుపువాళ్లకు మాత్రమే. రెండు రంగులకూ విడివిడిగా చెబితే ఎవరికీ ఏదీ వినపడదు. ఆ తర్వాత రెండు ఉద్దులకు తాళ్లిచ్చి చూసి, చివరికి అందరికీ ఇవ్వాలి.

అల్లుతున్నప్పుడు గురువు చూడాల్సింది కాళ్లను కాదు, పైన తాళ్లను. ఎరుపు మీద ఎరుపు పడిందంటే ఎవరో వెనక్కి తిరిగారు లేదా ముందున్నవాళ్లను దాటేశారు. ఒకే రంగు తాళ్లు ఒకదాన్నొకటి దాటే పనే లేదు. అక్కడికక్కడ ఈలేసి ఆపి, అందరినీ ఒక్క దాటు వెనక్కి నడిపించాలి. “పోనీలే, తర్వాత చూసుకుందాం” అనుకుంటే ఆ తప్పు జడలోకి వెళ్లిపోతుంది. నిజానికి విప్పేటప్పుడు సరిగ్గా అదేచోట అదే తప్పు చేస్తే అది కూడా విడిపోతుంది. కానీ ఎక్కడ జరిగిందో ఎవరికి గుర్తుంటుంది?

జడ దిగేకొద్దీ వలయం దగ్గరపడుతుంది. మొదట మధ్య నుంచి 11 అడుగుల దూరంలో ఉన్నవాళ్లు, 4 అడుగుల జడ పడేసరికి మధ్యకు 8 అడుగుల లోపు దూరానికి వచ్చేస్తారు. అంతకుమించి అల్లితే భుజాలు రాసుకుంటాయి, కోల ఊపడానికి చోటుండదు.

ఆపడం కూడా ఎక్కడపడితే అక్కడ కుదరదు. 8 ఉద్దుల జట్టులో 8 దాట్లకోసారి ఎవరి ఉద్ది వాళ్లకు మళ్లీ ఎదురుగా వస్తుంది. ఈల అప్పుడే వేయాలి. ఉద్ది కలవని వాళ్లెవరైనా కనిపిస్తే అప్పుడే దొరికిపోతారు. ఈల పడగానే అందరూ కడియానికి ముఖం పెట్టి వెనక్కి తిరగాలి. వీపు పెట్టి తిరిగితే తాడు మెడమీదికి వస్తుంది. తిరిగాక నడిమధ్య రెండో పక్కకు మారింది కాబట్టి తాడూ కోలా చేతులు మార్చుకోవాలి. ముందు కోలను చంకలో పెట్టి, తాడు మార్చి, తర్వాత కోల అందుకోమని నేర్పితే తాడు జారిపోదు.

ఇప్పుడు మొదట ఎదురయ్యేది ఇందాక ఆఖరున దాటిన మనిషే. ఆ దాటులో ఎరుపు లోపలగా పోయింది, కనుక విప్పడం కూడా ఎరుపు లోపలతోనే మొదలు. అలవాటు కొద్దీ “బయట” అని ఎత్తుకున్నారంటే విప్పడం మానేసి కొత్త జడ అల్లుతున్నట్టే. చప్పట్లకు పొంగి ఇక్కడ పాట వేగం పెంచే గురువులున్నారు. అల్లేటప్పుడు ద్రుతం, అంటే వేగంగా పాడండి, విప్పేటప్పుడు నెమ్మదైన విలంబంలోనే ఉంచండి. ఆట అయ్యాక తాళ్లు కడియం మీదే ఉంచి కొసలు వదులుగా ముడేసి గోనెసంచిలో పెడితే, మరుసటి పండక్కి వరస మళ్లీ కట్టుకునే పనుండదు.