పాత కంప్యూటర్‌లో లినక్స్ – 3వ పాఠం: బూట్ పార్టిషన్

పోయిన పాఠంలో పెన్‌డ్రైవ్ తయారు చేసుకున్నాం. మెషీన్ దాన్నుంచే మొదలయ్యేలా బయాస్‌లో (పవర్ ఇవ్వగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్‌లో) మార్చుకున్నాం. ఈసారి డిస్క్‌ని భాగాలు, అంటే పార్టిషన్లు చేయాలి. అందులో మెషీన్ లేవడానికి కావలసిన ఫైళ్లుండే /బూట్ (/boot) గురించే ఈ పాఠమంతా. చిన్న భాగమే, కానీ ఇక్కడ తేడా వస్తే మిగతాదంతా ఎంత బాగా చేసినా మెషీన్ లేవదు.

పవర్ బటన్ నొక్కగానే బయాస్ డిస్క్‌లోని మొదటి సెక్టారు (డిస్క్‌లో ఒక చిన్న ముక్క) చదువుతుంది. దాని సైజు 512 బైట్లు. అందులో 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, చివరి 2 బైట్లు ఇది బూట్ సెక్టారని చెప్పే గుర్తుకి పోతాయి. మిగిలిన 446 బైట్లలో, లినక్స్‌ని లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ మొదటి ముక్క ఇమడాలి. అది తన రెండో ముక్కని పిలుస్తుంది. మొదటి పార్టిషన్‌కి ముందు వదిలిన ఖాళీలో ఆ రెండోది ఉంటుంది. అది /బూట్ తెరిచి కెర్నల్‌నీ (లినక్స్ అసలు గుండె), దానితోపాటు కెర్నల్‌కి మొదట్లో కావలసినవి ఉండే ఇనిట్‌ఆర్‌డీ ఫైల్‌నీ మెమరీలోకి తెస్తుంది. ఇంతవరకూ డిస్క్ చదివిపెట్టేది బయాసే. కెర్నల్ లేచాక తన సొంత డ్రైవర్లతో డిస్క్ మొత్తం చదువుకుంటుంది, ఇక బయాస్‌తో పనిలేదు. కాబట్టి కెర్నల్ లేవడానికి కావలసిన ఫైళ్లన్నీ బయాస్‌కి అందే చోట ఉండాలి. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

బయాస్‌కి ఎంత దూరం అందుతుందనేది మెషీన్ వయసుని బట్టి ఉంటుంది. బాగా పాతవాటిలో 504 ఎంబీ దగ్గరే ఆగిపోయేది. తర్వాత ఆ హద్దు 8.4 జీబీకి వచ్చింది. ఆపైన, డిస్క్‌లో చోటుని 28 బిట్ల అంకెతో చెప్పే పద్ధతితో 137 జీబీకి చేరింది. ఇప్పటికీ వాడుకలో ఉన్న పెంటియం 4 కాలపు డెస్క్‌టాప్‌లలో మనకి తగిలేది ఈ 137 హద్దే.

ఇది ఇన్‌స్టాల్ చేసిన రోజునే బయటపడకపోవచ్చు, అసలు చిక్కు అదే. ఒడిశాలోని రాయగడలో మా మామయ్య జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో పాత 40 జీబీ డిస్క్ పోతే, ఎవరో 320 జీబీది పెట్టి, మొత్తం ఒకే పార్టిషన్‌గా లినక్స్ ఎక్కించి ఇచ్చారు. బాగానే నడిచింది. ఒకరోజు అప్‌డేట్ వేశాక, డిస్క్ పరిధి దాటి చదవబోతున్నానని గ్రబ్ ఎర్రర్ చూపించి ఆగిపోయింది. మామయ్య ఫోన్ చేసి, "ఏటిరా అల్లుడూ, నిన్నటిదాకా బాగానే ఉంది కదా, డిస్క్ మళ్లీ పోయిందా?" అని ఒకటే టెన్షన్. డిస్క్ పోలేదు. మొదటి కెర్నల్ అదృష్టవశాత్తూ డిస్క్ ముందు భాగంలో పడింది, కొత్త కెర్నల్ 137 జీబీ అవతల పడింది. /బూట్ విడిగా, ముందు భాగంలో ఉండి ఉంటే ఎన్ని కెర్నళ్లు వచ్చినా ఆ హద్దు లోపలే ఉండేవి.

ఇక పనిలోకి దిగుదాం. నేను డెబియన్ 12 అనే లినక్స్ రకం మీద చెబుతున్నాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు, 32 బిట్ పెంటియం 4 లాంటివాటికి 12 కావాలి. డిస్క్‌లో ఉన్న ఫొటోలు, ఫైళ్లు ముందే వేరేచోట కాపీ చేసుకోండి. వానాకాలం మన పర్లాకిమిడి, గుణుపురం వైపు కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ లేకపోతే ఆకాశం తెరిపిగా ఉన్న రోజు పెట్టుకోండి.

ఇన్‌స్టాలర్ పార్టిషన్ల దగ్గరికి వచ్చాక మాన్యువల్ ఎంచుకోండి. కొత్త పట్టిక అడిగితే ఎంఎస్‌డాస్ రకం ఇవ్వండి. 2 టీబీ లోపు డిస్క్‌కి, పాత బయాస్‌కి అదే సుఖం. జీపీటీ అనే కొత్త రకం పట్టిక పెడితే గ్రబ్ కోసం 1 ఎంబీ ప్రత్యేక పార్టిషన్ కావాలి, పైగా కొన్ని పాత బోర్డులు జీపీటీ డిస్క్ నుంచి అసలు లేవవు. ఖాళీ స్థలంలో మొదటి పార్టిషన్‌ని ప్రైమరీగా, స్థలం ప్రారంభంలో వచ్చేలా చేయండి. ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లు సర్దే పద్ధతి) ఎక్స్‌ట్4 (ext4), మౌంట్ పాయింట్ (ఆ భాగం ఏ ఫోల్డర్‌గా కనబడాలో) /బూట్. బూటబుల్ గుర్తు ఆన్ చేయండి. గ్రబ్‌కి అది అక్కర్లేదు గానీ, ఆ గుర్తు లేని డిస్క్‌ని పట్టించుకోని బోర్డులు ఉన్నాయి.

సైజు 1 జీబీ ఇవ్వండి, 40 జీబీ డిస్క్ అయితే 512 ఎంబీ. అంతకు తగ్గించొద్దు. అప్‌డేట్ వేళ పాత కెర్నల్, కొత్త కెర్నల్ రెండూ ఒకేసారి ఉంటాయి. చోటు చాలకపోతే అప్‌డేట్ సగంలో ఆగుతుంది.

విండోస్ ఉంచుకునేవాళ్లు దాన్ని కదపనక్కర్లేదు. దాన్ని 100 జీబీకి కుదించి, వెంటనే పక్కన /బూట్ పెట్టండి, 137 లోపే పడుతుంది. కుదించే పని విండోస్‌లోంచే చేసుకోవడం క్షేమం.

చివర్లో గ్రబ్ ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. ఇక్కడ తొందరపడకండి. పార్టిషన్ పేరు కాదు, డిస్క్ పేరు ఇవ్వాలి. అంటే ఎస్‌డీఏ1 (sda1, మొదటి పార్టిషన్) కాదు, ఎస్‌డీఏ (sda, మొత్తం డిస్క్). కొన్ని పాత మెషీన్లలో పెన్‌డ్రైవే ఎస్‌డీఏగా కనబడుతుంది, డిస్క్ ఎస్‌డీబీ అవుతుంది. సైజు చూసి పోల్చుకోండి. గ్రబ్ పెన్‌డ్రైవ్‌లో పడితే, అది పెట్టినప్పుడే కంప్యూటర్ లేస్తుంది.

పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేయండి. డెస్క్‌టాప్ వచ్చాక కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగుతోపాటు ఒడియా కూడా కలపండి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు రాసే మన పిల్లలకి ఒకే మెషీన్‌లో రెండూ దొరకాలి, పాత కంప్యూటర్‌ని బతికించుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

వచ్చే పాఠంలో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు), 1 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌కి ఎంత పెట్టాలో చూద్దాం. ఆలోగా టెర్మినల్‌లో /బూట్‌లో ఎంత చోటు నిండిందో చూసి రాసి ఉంచుకోండి. మొదటి అప్‌డేట్ తర్వాత మళ్లీ చూసి పోల్చుదాం.